సంతకం లేని లైను

సార్ పోయారన్న కబురు వచ్చినప్పుడు నేను ఆఫీసులో ఇంకొకరి తప్పు పట్టుకుని గొడవ పడుతున్నాను. బెంగళూరులో నా ఉద్యోగమే అది. కంప్యూటర్ చిప్పులు తయారీకి పోకముందే వాటి లోపల దాగిన తప్పులు వెతికి పట్టుకోవాలి. ఆ రోజు ఒక సహోద్యోగి తన పనిలో తప్పే లేదని వాదిస్తుంటే, నేను లేచి నిలబడి మరీ అరుస్తున్నాను. ఫోను మోగింది. విసుక్కుంటూ తీశాను.

“అక్కా, సార్ పోయినాడు.”

అవతల నా జూనియర్. కడపలో మా పాలిటెక్నిక్‌లో నా తర్వాత రెండేళ్లకు చదివినవాడు, సార్ ఇంటికి రెండు వీధుల అవతల ఉంటాడు. “పొద్దున్నే. నిద్రలోనే పోయినాడంట. మధ్యాహ్నం జొహర్ నమాజు అయినాక తీసుకపోతారు. నువ్వు అందుకోలేవులే, నిదానంగా రా.”

నిదానంగా రావడం నాకు చేతకాదని వాడికీ తెలుసు. అందుకోలేనని తెలిసీ బస్టాండుకు పరుగెత్తాను. బస్సులో మదనపల్లె చేరేలోపల మూడుసార్లు సీటు మారాను. “ఏమ్మా, సీట్లో ముళ్లుండాయా?” అని కండక్టరు అడిగాడు. ఏడుపు రాలేదు. కోపం వచ్చింది, నా మీద నాకే. పన్నెండేళ్లుగా నోటిదాకా వచ్చిన ఒక మాటను మింగుతూ వచ్చాను. దాన్ని దాచిపెట్టి ఆయన గొప్పతనం గురించి నాలుగు పేజీలు రాస్తే అది ఇంకో తప్పు అవుతుంది. అందుకని ముందే చెప్పేస్తున్నాను. సార్ జీవితమంతా కట్టుకున్న యంత్రాన్ని పాడుచేసింది నేను. ఆ సంగతి నా నోటితో చెప్పకముందే ఆయన వెళ్లిపోయారు.

మాది కోసిగి. వానలు మొహం చాటేసిన ఏడు మా ఊళ్లో సగం ఇళ్లకు తాళాలు పడతాయి. జనం సుగ్గికి పోతారు. సుగ్గి అంటే మూటాముల్లె కట్టుకుని మిరప కోతలకో పత్తి తీతకో వలస పోవడం. అమ్మా నాన్నా అట్లా పోయినప్పుడల్లా నన్ను చర్చి హాస్టల్లో వదిలేవాళ్లు. పదో తరగతి అయ్యాక కంప్యూటర్ డిప్లొమాలో సీటు కడపలో వచ్చింది. వచ్చిన మొదటి నెలలో ఒక రోజు, ఒక ప్రోగ్రాములోంచి ఇంకో ప్రోగ్రామును ఎట్లా పిలుస్తారో సార్ బోర్డు మీద రాసి చెబుతున్నారు. నేను కిటికీలోంచి బయటికి చూస్తున్నాను.

“ఏం పాపా, మనసు యాడుండాది?”

“మా అమ్మోళ్లు సుగ్గికి పోయినారు సార్.”

క్లాసంతా నవ్వింది. సార్ నవ్వలేదు. సుద్దముక్క చొక్కా జేబులో వేసుకుని నా బల్ల దగ్గరికి వచ్చారు. “యాడికి పోయినారు?”

“ముందు గుంటూరు పక్క మిరపకాయలకు. ఆడ పని అయిపోతే ఇంగో ఊరికి పత్తికి. ఆణ్ణుంచి యాడికో తెల్దు.”

“మరి తిరిగి ఎట్లొస్తారు?”

ఇదేం ప్రశ్న అనుకున్నాను. “పత్తి ఊర్నుంచి మిరప ఊరికొచ్చి, ఆడ పెట్టిన గిన్నెలు తీసుకోని కోసిగికొస్తారు సార్. బీగంచెవి పక్కింటవ్వ దగ్గరుంటాది.”

సార్ క్లాసువైపు తిరిగారు. “విన్నారా? యంత్రానికి గూడా ఇంతే బుద్ధి కావల్ల. పోయే ముందు తిరిగొచ్చే చోటు రాసిపెట్టుకోవల్ల. శానా చోట్లకు పోతే, ఆఖర్న రాసుకున్న చోటికి ముందు రావల్ల. ఈ పాప వాళ్లమ్మకు తెలిసింది మీ పుస్తకం రాసినోనికి చెప్పను రాలా.”

మా అమ్మకు తెలిసిన విషయం పాఠంలో ఉందని అప్పటిదాకా నాతో ఎవరూ అనలేదు. ఆ రోజునుంచి నేను ఆయన్ను వదల్లేదు. కాలు కాలిన పిల్లిలా ల్యాబు చుట్టూ తిరిగేదాన్ని. ఆయన విసుక్కోలేదు. “తిరిగేది తిరుగు, చేతిలో ఈ ప్లయరు పట్టుకోని తిరుగు,” అని పని అప్పజెప్పారు.

సార్‌ది బద్వేలు. నాన్న దర్జీ. ఆ ఇంట్లోంచి ఇంజనీరింగు చదివి, వయసులో ఉన్నప్పుడు హైదరాబాదులో ఒక ప్రభుత్వ సంస్థలో చేరారు. అక్కడ ఆరేడుగురు కలిసి ఒక కొత్తరకం కంప్యూటరును తయారుచేయడానికి పూనుకున్నారు. మామూలు కంప్యూటరుకు చిన్నచిన్న ఆజ్ఞలు మాత్రమే తెలుసు: ఈ అంకె ఎత్తు, అక్కడ పెట్టు, దీనికి అది కలుపు. మనుషులు ప్రోగ్రాములు రాసేది పెద్ద వాక్యాల్లో. ఆ వాక్యాలను ముక్కలు ముక్కలుగా నరికి యంత్రానికి తినిపించడానికి మధ్యలో ఇంకో ప్రోగ్రాము ఉంటుంది. సార్‌వాళ్ల పట్టుదల ఏమిటంటే, పెద్ద వాక్యాలు అర్థమయ్యేలా యంత్రాన్నే కట్టాలని.

“ఎప్పుడూ మనిషే కిందికి దిగల్లనా పాపా? యంత్రం ఒక మెట్టు ఎక్కి రాకూడదా?” ఈ మాట ఆయన దగ్గర ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. విన్న ప్రతిసారీ ఆయన గొంతు కొంచెం పైకి లేచేది.

ఆ యంత్రం పూర్తి కాలేదు. అంతలో బయట చవక చిప్పులు వచ్చిపడ్డాయి. అవి పెద్ద వాక్యాలు అర్థం చేసుకోకపోయినా గబగబా పరుగెత్తేవి. ఇంక మీ పని ఎందుకన్నారు పైవాళ్లు. ఒక సోమవారం వచ్చేసరికి బల్లమీద బోర్డులు లేవట. సార్ రాజీనామా ఇచ్చి కడపకు వచ్చి పాలిటెక్నిక్‌లో మాస్టరయ్యారు. మాకు ఆయన పాఠాలు చెప్పింది బతుకుతెరువుకు. ల్యాబు వెనక గదిలో ఆ యంత్రాన్ని మళ్లీ మొదటినుంచి, ఒక్కరే, పాత చిప్పులు ఏరి తెచ్చి కట్టుకుంటూ వచ్చింది మాత్రం కడుపుమంటతో.

మీరు ఆ యంత్రాన్ని చూసి ఉంటే కంప్యూటరు అనుకోరు. మంచమంత చెక్క చట్రం. దానిమీద వందల చిప్పులు, వాటి వెనక ఎర్రా పచ్చా నీలం తీగలు. ముందువైపు వరసగా చిన్న దీపాలు. ఆ గదికి పొద్దుటెండ నేరుగా కొట్టేది. కడప ఎండల సంగతి మీకు చెప్పక్కర్లేదు. సార్ గోనెసంచి తడిపి కిటికీకి వేలాడదీసేవారు. అది ఆరిపోవడం చూసి మళ్లీ తడపడం నా డ్యూటీ. తెగిన తీగ ముక్కలను నేలమీద పడనిచ్చేవారు కాదు. ఒక నశ్యం డబ్బాలో వేసి మూత పెట్టేవారు. టీ తాగేటప్పుడు మాత్రం యంత్రానికి పది అడుగుల దూరం వెళ్లి, గోడవైపు తిరిగి తాగేవారు. అలవాటైపోయి, ఇంట్లో కూడా గోడవైపే తిరిగి తాగుతాడని ఆయన భార్య నవ్వేది.

యంత్రం ప్రాణమంతా ఆరు చిప్పుల్లో ఉంది. పెద్ద వాక్యం రాగానే లోపల ఏ పని తర్వాత ఏ పని చేయాలో వాటిలో సున్నాలూ ఒకట్లుగా రాసి ఉంటుంది. దాన్ని మైక్రోకోడ్ అంటారు. నాకు మొదట్లో బుర్రకెక్కలేదు. “మీ అమ్మ నీతో సంగటి చెయ్ అంటాది. ఎసురు పెట్టు, నూక పొయ్యి, పిండి పొయ్యి, కెలుకు అని చెప్తాదా? చెప్పదు. చెప్పకుండానే నీ చేతికి తెలిసిందేదో ఉండాది చూడు, అదే మైక్రోకోడ్,” అన్నారు సార్. అంతే, పట్టుబడింది.

ఆ చిప్పుల్లో ఒక వింత ఉంది. ఒకటిని సున్నా చేయడం క్షణం పని, చిన్న పెట్టెలో పెట్టి మీట నొక్కితే చాలు. సున్నాను మళ్లీ ఒకటి చేయాలంటే మాత్రం కుదరదు. చిప్పు నడినెత్తిన ఉన్న గాజు కిటికీలోంచి వెలుగు కొట్టించి, లోపలున్నదంతా చెరిపి, మొదటినుంచి రాయాలి. అందుకు వేరే దీపం ఉంటుంది. మా దీపం మాడిపోయాక సార్ కొత్తది అడగలేదు. చిప్పులను పళ్లెంలో పెట్టి మేడమీద వడియాల పక్కన ఎండబెట్టారు. వారం రోజులకు శుభ్రంగా చెరిగిపోయాయి. “ఇంత ఎండ ఇచ్చినాడు దేవుడు, ఊరికే పోనిస్తామా?” అన్నారు.

ఇంక ఆ రిజిస్టరు. పొడుగాటి అట్ట పుస్తకం. యంత్రంలోని మైక్రోకోడ్ అంతా అందులో లైను లైనుగా, సార్ ముత్యాల్లాంటి అంకెల్లో ఉంటుంది. ఎవరు ఏ లైను మార్చినా ముందు పుస్తకంలో కొట్టేసి, కొత్తది రాసి, పక్కన మార్జిన్‌లో పొట్టి సంతకం పెట్టాలి. ఆ తర్వాతే చిప్పు ముట్టుకోవాలి. “చెయ్యి పెట్టినోళ్లు పేరు పెట్టల్ల,” అనేవారు. తప్పు రాసినందుకు ఎవరినీ తిట్టలేదు. సంతకం మర్చిపోతే మాత్రం ఆ రోజంతా మాట్లాడేవారు కాదు. అందుకని చిప్పులో ఏముందో తెలుసుకోవాలంటే చిప్పును చదవాల్సిన పనే లేదు. పుస్తకం తీస్తే చాలు. “పుస్తకంలో లేనిది చిప్పులో ఉండదు,” అని ఆయన నమ్మకం. దేవుడి తర్వాత ఆయన అంతగా నమ్మింది ఆ పుస్తకాన్నే, అందులో సంతకాలు పెట్టిన మమ్మల్నే.

నేను చివరి ఏడు చదువుతుండగా కాలేజీలో ప్రదర్శన పెట్టారు. పక్క జిల్లాలనుంచి కూడా మాస్టర్లు వస్తున్నారు. సార్ యంత్రాన్ని మొదటిసారి నలుగురి ముందు నడపాలి. చూపించేది ఒక పాత చిక్కులెక్క: మూడు గుంజలు, ఒక గుంజకు పెద్దదానిమీద చిన్నది పేర్చిన బిళ్లలు. ఒక్కోసారి ఒక్క బిళ్లే తీస్తూ, చిన్నదానిమీద పెద్దది పెట్టకుండా, అన్నిటినీ ఇంకో గుంజకు మార్చాలి; ఏ బిళ్ల ఎక్కడుందో యంత్రం దీపాలతో చూపిస్తుంది. ఈ లెక్క చేసే ప్రోగ్రాము తనను తానే మళ్లీ మళ్లీ పిలుచుకుంటుంది. పిలిచిన ప్రతిసారీ తిరిగొచ్చే చోటు రాసిపెట్టుకోవాలి. అట్లా రాసిపెట్టుకోవడానికి సార్ యంత్రంలో ఎనిమిది గళ్లు ఉన్నాయి. అవి నిండితే పాతదాన్ని తీసి జాగ్రత్తగా మెమరీ అనే పెద్ద గదిలో దాచి, కొత్తదానికి జాగా చేస్తుంది. గళ్లలో జాగా ఉందో లేదో చూసే లైను ఒకటి ఉంది.

ప్రదర్శన రేపనగా యంత్రం సరిగ్గా ఆ లైను దగ్గరికి వచ్చి నిలబడిపోయింది. ఎన్నిసార్లు నడిపినా అక్కడే. అది శుక్రవారం. సార్ మధ్యాహ్నం నమాజుకు పోతూ, “ఒక గంటలో వస్తా పాపా, చూస్తాండు,” అన్నారు. ఆయన మొహం వాడిపోయి ఉంది. హైదరాబాదులో బోర్డులు మాయమైన సోమవారం నాటి మొహం అదేనేమో అనిపించింది. గది ఈ చివరనుంచి ఆ చివరకు ఎన్నిసార్లు తిరిగానో. అప్పుడు తట్టింది. రేపు చూపించేది మూడు బిళ్లలే. మూడింటికి ఎనిమిది గళ్లు ఎక్కువే. ఇంక జాగా ఉందో లేదో చూడ్డమెందుకు? ఆ లైనులో ఇరవై మూడో బిట్టు ఒకటి అయితే యంత్రం ఆగి చూస్తుంది. సున్నా అయితే చూడకుండా ముందుకు పోతుంది. ఒకటిని సున్నా చేయడం ఎంతసేపు? చిప్పు పీకి, పెట్టెలో పెట్టి, మీట నొక్కాను.

సార్ వచ్చేసరికి దీపాలు చకచకా కదులుతున్నాయి.

“ఏం చేసినావు పాపా?”

“ఏం లేద్సార్. చిప్పు తీసి మల్లా గట్టిగా పెట్టినా.”

అబద్ధం ఆలోచించి ఆడలేదు. ఆయన మొహంలో వెలుగు చూసి నోట్లోంచి అదే వచ్చేసింది. పుస్తకంలో సంతకం పెట్టాలంటే నిజం చెప్పాలి. ప్రదర్శన అయ్యాక చెబుదాంలే అనుకున్నాను. మర్నాడు మూడు బిళ్లలూ గుంజ మారాయి. జనం చప్పట్లు కొట్టారు. సార్ ప్రిన్సిపాల్‌గారి ముందు నా భుజం తట్టి, “ఈ పాప వల్లనే సార్ నడిచింది,” అన్నారు. కోసిగినుంచి వచ్చిన సుగ్గిజనం పిల్లను ఎవరైనా పదిమంది ముందు అట్లా మెచ్చుకోవడం నా జన్మలో అదే మొదలు. ఇంక ఎట్లా చెప్పను?

డిప్లొమా అయ్యింది, ఇంజనీరింగు చదివాను, ఉద్యోగం వచ్చింది. సార్ మూడు బిళ్లలతో ఆగలేదు. తొమ్మిది పెట్టారు. ఒకదాని లోపల ఒకటిగా తొమ్మిదోసారి పిలవగానే యంత్రం మొదట రాసుకున్న చోటు మీదే కొత్తది రాసేసుకుంటుంది. ఇంటికి దారి పోగొట్టుకుంటుంది. ఎప్పటికీ ఆగకుండా బిళ్లలు అటూ ఇటూ మారుస్తూనే ఉంటుంది. ఎందుకో ఆయనకు అర్థం కాలేదు. తీగలన్నీ విప్పి మళ్లీ చుట్టారు. ప్రదర్శనకు ముందు యంత్రం నిలబడిపోవడానికి కారణమైన వదులు తీగ ఆ విప్పడంలోనే బాగైపోయి ఉంటుంది. వేడి వల్లనేమోనని ఇంకో గోనెసంచి కట్టారు. చిప్పులు ఒక్కొక్కటే మార్చారు, ఆ ఆరు తప్ప. పుస్తకంలో ఆ లైను వందసార్లు చదివారు. పుస్తకంలో అది సరిగ్గానే ఉంది.

రిటైరయ్యాక ఆ యంత్రాన్ని ట్రాలీ ఆటోలో ఇంటికి తెచ్చుకున్నారు. శుక్రవారం పూట తొమ్మిది బిళ్లలు పెట్టి మీట వేసి, “నేను నమాజుకు పోయొస్తా. నేనొచ్చేసరికి నువ్వు గూడా రావల్ల,” అని దానితో చెప్పి పోయేవారట. పావుగంటలో అయిపోవాల్సిన లెక్క. ఆయన తిరిగొచ్చేవారు, అది వచ్చేది కాదు. ఈ సంగతి నా జూనియర్ ఫోనులో నవ్వుతూ చెప్పాడు. నాకు ఆ రాత్రి అన్నం సహించలేదు.

చెబుదామని మూడుసార్లు కడప పోయాను. మొదటిసారి ఇంటినిండా చుట్టాలున్నారు, అదే సాకు. రెండోసారి ఒక ఆకుపచ్చ సిరా పెన్ను తీసుకుపోయి ఇచ్చాను. ఆయన సంబరంగా మూత తీసి అరచేతిమీద గీసి చూసుకుంటుంటే, ధైర్యం కూడగట్టుకుని సగం మాట అన్నాను.

“సార్, ఆ ఆరు చిప్పులు ఎప్పుడన్నా చదివి చూసినారా?”

ఆయన పెన్ను మూత పెట్టి నావైపు చూశారు. “చదవల్లనా?”

“ఊరికే అన్నా సార్.”

“పుస్తకంలో లేనిది చిప్పులో ఎట్లుంటాది పాపా?” అన్నారు మెల్లగా. నేను బస్సు టైమైందని లేచాను.

మూడోసారి పోయింది ఈ మధ్యే. బాగా చిక్కిపోయారు. గోడవైపు తిరిగి టీ తాగుతుంటే వెనకనుంచి మెడ నరాలు కనిపించాయి. ఆఫీసు సంగతులు వాగుతూనే ఉన్నాను. ఎవరెవరి తప్పులు ఎట్లా పట్టుకున్నానో గొప్పగా చెప్పాను కూడా. ఆయన అన్నీ విన్నారు. గేటుదాకా వచ్చి, నేను చెప్పులు వేసుకునేదాకా ఆగి, “ఇంకేమన్నా చెప్పల్లనా పాపా?” అని అడిగారు.

“ఏం లేద్సార్.”

“సరే. వచ్చే దారి మర్చిపోగాకు,” అన్నారు.

నేను కడప చేరేసరికి అంతా అయిపోయింది. ఆ ఇంట్లోనే ఉండిపోయాను. మూడో రోజు జియారత్, సమాధి దగ్గర ప్రార్థన చేసే రోజు. మగవాళ్లు పూలు తీసుకుని ఖబరస్తాన్‌కు పోయారు. నేను యంత్రం ఉన్న వసారాలో, కప్పిన దుప్పటి అంచు లాగుతూ, వదులుతూ నిలబడ్డాను. సార్ భార్యను మేమందరం అమ్మా అనే పిలిచేవాళ్లం. ఆమె నెమ్మదిగా వచ్చి రిజిస్టరు నా చేతిలో పెట్టింది.

“నువ్వొస్తే ఇయ్యమన్యాడు పాపా. వేరే ఎవురికీ ఇయ్యగాకు అన్యాడు.”

ఆ పేజీ తెరవడానికి నాకు వెతుక్కోవాల్సిన అవసరం లేదు, చేతికి తెలుసు. ఆ లైను అడ్డంగా కొట్టేసి ఉంది. దాని కింద కొత్తగా ఇంకో లైను. ఇరవై మూడో బిట్టు దగ్గర సున్నా. నేను చిప్పులో చేసింది ఉన్నదున్నట్టు. పక్కన మార్జిన్‌లో, సంతకం పెట్టాల్సిన చోట, స్కేలుతో గీసిన చిన్న డబ్బా. ఖాళీగా ఉంది. అదంతా ఆకుపచ్చ సిరా.

రెండోసారి నేను వచ్చిపోయిన తర్వాతే చిప్పులు చదివి ఉంటారు. గేటు దగ్గర “ఇంకేమన్నా చెప్పల్లనా” అని అడిగేటప్పటికి ఆయనకు అంతా తెలుసు. నేను ఊళ్లోవాళ్ల తప్పులు ఏకరువు పెడుతుంటే కూర్చుని విన్నారు.

“ఆయప్పకు తెలిసిపోయినాదమ్మా,” అన్నాను. సార్‌ను ఆయప్ప అన్నానని కూడా తర్వాత గానీ గుర్తురాలేదు, కోసిగి మాట ఎట్లాగో బయటికొచ్చింది.

“ఏందో నాకు తెల్దు. దాన్లో తప్పు దొరికిందని మాత్రం చెప్పినాడు. మూడు దినాలు కూడు సరిగా తిన్లా. మల్లా ఆయనే నవ్వినాడు. దొరికింది గదా, ఇంగ బాగుచెయ్ అని నేనంటి. ఒక్క చిప్పు మారిస్తే నడుస్తాది, ఆ లైను నాది కాదు అన్యాడు. చెయ్యి పెట్టినోళ్లే వచ్చి తీయల్లంట. నేనేమన్నా అంటే, వస్తాదిలే, ఆ పాపకు నిలకడ లేదు గానీ దారి తెలుసు అంటాడు.”

తొమ్మిది బిళ్లలు ఒక్కసారి గుంజ మారడం చూడాలని ఆ మనిషి జీవితమంతా ఎదురుచూశారు. కారణం దొరికింది, మందు చేతిలో ఉంది, ఒక వారం ఎండ చాలు. అయినా మారుస్తే నా తప్పు ఆయన చేతికింద మాసిపోతుందని మార్చలేదు. నేను వస్తానని ఆగారు. నేను వచ్చాను కూడా, టీ తాగి వెళ్లిపోయాను. ఇంతకంటే సిగ్గుపడే పని నేను చేయలేదు, చేయబోను.

అమ్మకు జరిగిందంతా చెప్పాను. ప్రదర్శన సంగతి, అబద్ధం, మూడుసార్లు వచ్చి మింగేసిన మాట. ఆమె తిట్టలేదు. ముక్కు చీది, “ఇప్పుడన్నా ఆ డబ్బాలో ఏందో రాయల్ల గదా, రాయిపో,” అంది. ఆకుపచ్చ పెన్ను రిజిస్టరు మడతలోనే ఉంది. డబ్బాలో పొట్టి సంతకం పెట్టాను. ఒక అక్షరం డబ్బా దాటిపోయింది. తర్వాత ఆ సున్నా లైనును కొట్టేసి, దాని కింద పాతదాన్ని మళ్లీ రాసి, ఇంకో సంతకం పెట్టాను. అప్పుడు చిప్పు పీకాను.

ఇది రాస్తున్నది సార్ ఇంటి మేడమీద కూర్చునే. ఆఫీసుకు సెలవు పెట్టాను. స్టీలు పళ్లెంలో ఒక్క చిప్పు, గాజు కిటికీ ఆకాశంవైపు తిప్పి, అమ్మ ఎండబెట్టిన వరుగుల పక్కన ఉంది. చెరిపే దీపం బెంగళూరులో ఉంది, అక్కడికి పోతే చెరపడం అరగంట పని. పోను. ఇవాళ్టికి నాలుగో రోజు. ఇంకా మూడు ఆగాలి. శుక్రవారం పుస్తకం చూసి చిప్పును మొదటినుంచి రాసి, మధ్యాహ్నం తొమ్మిది బిళ్లలు పెట్టి మీట వేస్తాను.

“ఏం పాపా, ఆ ఎండలో ఏం చేస్తాండావు? కిందికి రా, కూడు చల్లారిపోతాంది,” అని అమ్మ మెట్ల కిందనుంచి కేకేస్తోంది.

“వస్తాండానమ్మా,” అంటున్నాను గానీ కదల్లేదు. పొద్దు తిరిగేకొద్దీ నీళ్ల ట్యాంకు నీడ పళ్లెంవైపు పాకుతోంది. అది దగ్గరికి వచ్చిన ప్రతిసారీ లేచి, పళ్లేన్ని ఒక జానెడు ఎండలోకి జరిపి, మళ్లీ కూర్చుంటున్నాను.